రోమన్ నాణేల మీది బొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాణేల మీద ఆసక్తి మొదలైనవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ధర ఎంత, అసలుదా నకిలీదా అన్నవి ముందు వస్తాయి. కొనడం, నకిలీల సంగతి చివర్లో చూద్దాం. ముందుగా ఆ బొమ్మలు ఎందుకు వేశారో, ఎవరి కోసం వేశారో మాట్లాడుకుందాం.

రోమన్ నాణెం చేతికొస్తే ముందు ఏం చూడాలి?

బొమ్మ వైపు మొదట చూడండి. అక్కడ సాధారణంగా చక్రవర్తి ముఖం పక్కనుంచి కనిపిస్తుంది. దాని చుట్టూ అతని పేరు, బిరుదులు పొడి అక్షరాల్లో ఉంటాయి. ఉదాహరణకు పి.ఎం. అంటే ప్రధాన పురోహితుడు, టి.ఆర్.పి. అంటే ప్రజా ట్రిబ్యూన్ (ప్రజల తరఫు అధికారి) అధికారం. ఈ అధికారాన్ని ఏటా లెక్కపెట్టుకునేవారు కాబట్టి దాని పక్కన అంకె ఉంటే నాణెం ఏ ఏడాదిదో తెలిసిపోతుంది. రోమ్‌లో అత్యున్నతమైన కాన్సుల్ పదవి ఎన్నిసార్లు చేపట్టాడో కూడా చాలా నాణేల మీద ఉంటుంది.

తర్వాత బొరుసు వైపు తిప్పండి. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంటుంది. ముఖం వైపు అచ్చు కొన్నేళ్లపాటు పెద్దగా మారకపోయినా, బొరుసు మీది బొమ్మ మాత్రం అవసరాన్నిబట్టి మారుతూ ఉండేది. యుద్ధం గెలిస్తే ఒక బొమ్మ, రేవు కడితే ఒక బొమ్మ, వారసుణ్ణి ప్రకటిస్తే ఇంకో బొమ్మ. "ఈ మాట ఈ ఏడాదే ఎందుకు చెప్పాల్సి వచ్చింది?" అని అడగడం అలవాటు చేసుకుంటే సగం నాణేలు వాటంతటవే విప్పుకుంటాయి.

ఎక్కువగా వినిపించే పేర్లు మూడు. ఆరియస్ బంగారు నాణెం, మొదటి చక్రవర్తి ఆగస్టస్ కాలంలో దాదాపు 8 గ్రాములు. డినారియస్ వెండిది, 4 గ్రాములకు కాస్త తక్కువ. సెస్టెర్షియస్ ఇత్తడిలాంటి లోహంతో చేసిన పెద్ద నాణెం, 25 గ్రాముల దాకా తూగుతుంది. ఒక ఆరియస్‌కు 25 డినారియస్‌లు, ఒక డినారియస్‌కు 4 సెస్టెర్షియస్‌లు. కళ కోసం చూసేవాళ్లకు సెస్టెర్షియస్‌లే ఇష్టం. వాటి మీద చోటు ఎక్కువ, చెక్కేవాడికి చెయ్యి ఆడుతుంది.

బొమ్మ ఏం వేయాలో ఎవరు నిర్ణయించేవారు?

చక్రవర్తులు రాకముందు, అంటే గణతంత్ర కాలంలో, ఏటా కొందరు కుర్ర అధికారులకు టంకశాల పని అప్పగించేవారు. సాధారణంగా ముగ్గురుండేవారు. రాజకీయాల్లో పైకి రావాలని చూస్తున్న పెద్దింటి పిల్లలు వీళ్లు. డినారియస్ క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం నడుస్తున్న రోజుల్లో మొదలైంది. మొదట్లో దాని మీద రోమా దేవత తల, వెనక గుర్రాల మీద కవల దేవుళ్లు ఉండేవారు. తర్వాత వందేళ్లలో ఈ కుర్ర అధికారులు తమ వంశం గొప్పలు వేసుకోవడం మొదలుపెట్టారు. మా ముత్తాత ఫలానా యుద్ధం గెలిచాడు, మా వంశం ఫలానా దేవుడి నుంచి వచ్చింది, మా పూర్వీకుడు ఈ స్తంభం నిలబెట్టాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న తంతే. తేడా ఏమిటంటే వీళ్లు దాన్ని వెండి మీద అచ్చేసి ఊరంతా పంచారు.

సామ్రాజ్యం వచ్చాక సంగతి ఇంత సూటిగా ఉండదు. ప్రతి బొమ్మనూ చక్రవర్తి స్వయంగా ఎంచుకున్నాడా, లేక అతన్ని మెప్పించాలని కింది అధికారులు ఎంచారా అన్నది పండితుల మధ్య తెగని వాదం. నాకు రెండోది ఎక్కువ సహజంగా అనిపిస్తుంది. అయితే ఎవరు ఎంచినా, చక్రవర్తికి నచ్చని బొమ్మ బయటికి వచ్చే అవకాశం లేదు కాబట్టి దాన్ని దర్బారు మాటగానే చదవాలి.

చెక్కిన శిల్పుల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. సిసిలీలోని సిరాక్యూస్ నగరంలో కిమోన్, యూఐనెటోస్ లాంటి గ్రీకు చేతిపనివాళ్లు నాణెం మీదే సంతకం పెట్టుకున్నారు. రోమ్‌లో అలాంటి సంప్రదాయం లేదు. చక్రవర్తి నీరో కాలపు సెస్టెర్షియస్‌లలో రోమ్ దగ్గరి ఓస్టియా రేవును పైనుంచి చూసినట్టు ఓడలతో సహా అరచేతి మధ్యలో పట్టేంత చోటులో చెక్కినవాడెవడో ఎప్పటికీ తెలియదు.

బతికున్న మనిషి ముఖం వేయడం ఎప్పుడు మొదలైంది?

రోమ్ నగర టంకశాల నుంచి వచ్చిన నాణేల్లో మొదటి సజీవ ముఖం జూలియస్ సీజర్‌ది, క్రీ.పూ. 44 మొదటి నెలల్లో. తల మీద దండ, మెడ మీద ముడతలు, పక్కన "శాశ్వత నియంత" అన్న బిరుదు. వెనక వైపు వీనస్ దేవత, ఎందుకంటే సీజర్ వంశం తమది వీనస్ సంతానమని చెప్పుకునేది.

అంతకుముందు రోమన్ సేనాని ఫ్లామినినస్ ముఖం గ్రీసులో కొన్ని బంగారు నాణేల మీద వచ్చింది, కానీ అది బయటి దేశపు వ్యవహారం. గ్రీకు రాజులు ముఖాలు వేసుకోవడం మామూలే. రోమన్లకు మాత్రం ముఖం వేసుకోవడమంటే రాజునని చెప్పుకోవడమే, రాజు అన్న మాటంటేనే వాళ్లకు గిట్టదు. ఆ నాణేలు చేతులు మారడం మొదలైన కొన్ని వారాలకే, మార్చి 15న, సీజర్‌ను పొడిచి చంపారు. నాణెం వల్లే చంపారనడం అతిశయోక్తి. చంపినవాళ్ల భయాలన్నీ మాత్రం ఆ చిన్న బిళ్ల మీద ఉన్నాయి.

బ్రూటస్ కత్తుల నాణెం అంత ప్రసిద్ధి ఎందుకు?

ఎందుకంటే అది ఒక హత్యను బాహాటంగా పండగ చేసుకున్న నాణెం. సీజర్‌ను చంపినవాళ్లలో ముఖ్యుడైన బ్రూటస్, సీజర్ అనుచరుడు ఆంటోనీ మీద, సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియన్ (తర్వాత ఆగస్టస్ అయింది ఇతనే) మీద యుద్ధానికి సైన్యాన్ని పోగుచేస్తూ క్రీ.పూ. 42లో దీన్ని వేయించాడు. వెనక వైపు రెండు బాకులు, వాటి మధ్య ఒక టోపీ, కింద "ఈడ్ మార్", అంటే మార్చి 15. ఆ టోపీ బానిసత్వం నుంచి విడుదలైనవాడు పెట్టుకునేది. రెండు బాకులు, ఒక టోపీ, ఒక తేదీ. "మేము చంపాం, మీరు స్వేచ్ఛ పొందారు" అన్న వాక్యం ఇంతకంటే పొదుపుగా చెప్పలేం. రాజకీయ బొమ్మల్లో దీన్ని మించినది నాకు కనిపించలేదు.

ఇప్పుడు బొమ్మ వైపు తిప్పండి. అక్కడ ఉన్నది బ్రూటస్ ముఖం! ముఖం వేసుకున్నందుకు సీజర్‌ను రాజు కాబోతున్నాడన్నవాళ్లు, రెండేళ్లకే అదే పని చేశారు. ఇదే బ్రూటస్ క్రీ.పూ. 54లో టంకశాల అధికారిగా ఉన్నప్పుడు స్వేచ్ఛాదేవత తలను, వెనక వైపు రాజుల్ని వెళ్లగొట్టిన తన పూర్వీకుణ్ణి వేయించాడు. ఆ రెండు నాణేల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పన్నెండేళ్లలో రోమ్ ఎంత మారిందో తెలుస్తుంది. బ్రూటస్ అదే ఏడాది ఫిలిప్పీ యుద్ధంలో ఓడి ప్రాణం తీసుకున్నాడు. ప్రాచీన చరిత్రకారుడు కాసియస్ డియో ఈ నాణేన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. అప్పటివాళ్లు బొమ్మల్ని పట్టించుకునేవారనడానికి అదొక సాక్ష్యం.

దీని బంగారు ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటిలో ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లు దాటింది. తర్వాత దాని పూర్వ యజమానుల కాగితాలు తప్పుడువని తేలి, 2023లో అది గ్రీసుకు తిరిగి వెళ్లింది.

ఆగస్టస్‌ను ఈ విద్యలో ఆరితేరినవాడంటారు. ఏం చేశాడు?

చెప్పినదానికంటే చెప్పకుండా వదిలేసినదాంట్లో అతని తెలివి ఉంది. క్రీ.పూ. 31లో అతను ఓడించింది ఆంటోనీని, అంటే తోటి రోమన్‌ని. అంతర్యుద్ధంలో గెలిచానని ఎవరు గొప్పగా చెప్పుకుంటారు? అందుకే నాణెం మీద ఆంటోనీ ఊసే లేదు. ఒక మొసలి, పక్కన "ఈజిప్టు చిక్కింది" అన్న రెండు మాటలు. సొంతవాళ్ల మధ్య జరిగిన పోరు పరాయి దేశం మీద విజయమైపోయింది. ఫ్రాన్సులోని నీమ్ పట్టణంలో అప్పట్లో వేసిన నాణేల మీద ఖర్జూరపు చెట్టుకు గొలుసుతో కట్టిన మొసలి ఉంటుంది. ఆ ఊరి చిహ్నం ఇప్పటికీ అదే.

మరో ఉదాహరణ ఇరాన్ ప్రాంతాన్ని ఏలిన పార్థియన్లది. క్రీ.పూ. 53లో క్రాసస్ అనే సేనాని పార్థియన్ల చేతిలో ఘోరంగా ఓడి, సైన్యం పతాకాలు పోగొట్టాడు. ఆ అవమానం రోమ్‌ను చాలాకాలం పీడించింది. క్రీ.పూ. 20లో ఆగస్టస్ వాటిని రాయబారంతో వెనక్కి తెప్పించాడు. యుద్ధం లేదు, నెత్తురు లేదు. నాణెం మీద మాత్రం పార్థియన్ మోకాళ్ల మీద కూర్చుని పతాకాన్ని సమర్పిస్తుంటాడు.

సీజర్ చనిపోయిన ఏడాది ఆకాశంలో తోకచుక్క కనిపిస్తే అది సీజర్ ఆత్మ దేవుళ్లలో కలవడమే అని జనం అనుకున్నారు. ఆగస్టస్ ఆ తోకచుక్కను కూడా నాణెం మీదికి ఎక్కించాడు. సీజర్ దేవుడైతే దత్తపుత్రుడైన తను దేవుడి కొడుకవుతాడు, ఆ మాట చాలా నాణేల మీద రెండు పొడి అక్షరాల్లో ఉంది.

ఆ ముఖాలు నిజంగా అలాగే ఉండేవా?

కొన్ని అవును, కొన్ని అస్సలు కాదు. ఆగస్టస్ క్రీ.శ. 14లో చనిపోయేనాటికి 75 ఏళ్లు నిండాయి. నాణేల మీద మాత్రం చివరిదాకా నున్నటి చెంపల కుర్రవాడే.

నీరో విషయం దీనికి తిరగబడి ఉంటుంది. క్రీ.శ. 54లో సింహాసనం ఎక్కిన పదహారేళ్ల పిల్లాడి లేత ముఖం, పదేళ్లు గడిచేసరికి లావెక్కిన మెడ, రెండు గడ్డాలు, వంకీలు తిప్పిన జుట్టుతో నిండిపోతుంది. ఎవరో ఎగతాళికి చెక్కారనుకుంటే పొరపాటు. ఆ బలిసిన దేహం సమృద్ధికి గుర్తని, గ్రీకు రాజుల పద్ధతని చాలామంది పండితుల అభిప్రాయం. నీరో తర్వాత వచ్చిన గాల్బా డెబ్బై దాటినవాడు. అతని నాణేల మీద ముడతలు, బోసినోటి దవడ దాచలేదు. "ఆ సోకులరాయుడి రోజులు పోయాయి, ఇక పాతకాలపు క్రమశిక్షణ" అని ఆ ముడతలే చెప్పాలి. ఏడు నెలలకే అతన్ని చంపేశారనుకోండి.

హాడ్రియన్ గడ్డం పెంచిన మొదటి చక్రవర్తి. అతనికి గ్రీకు సంస్కృతి మీద ప్రేమ. ఆ తర్వాత దాదాపు వందేళ్లు గడ్డాలే గడ్డాలు. ఇక క్రీ.శ. 300 ప్రాంతానికి వస్తే డయోక్లిషియన్, అతనితో పాటు పాలించిన మరో ముగ్గురు ఒకే అచ్చులో పోసినట్టుంటారు. చతురస్రంగా ఉన్న తల, పొట్టి జుట్టు, పెద్ద కళ్లు. పేరు చదవకపోతే ఎవరెవరో చెప్పలేం. శిల్పులకు చేతకాక కాదు. మనుషులు నలుగురైనా అధికారం ఒక్కటే అని చెప్పడం వాళ్ల ఉద్దేశం.

క్లియోపాత్రా గురించి కూడా చాలామంది అడుగుతారు. ఆంటోనీతో కలిసి వేసిన నాణేల మీద ఆమె వంకీ ముక్కు, గట్టి గడ్డంతో కనిపిస్తుంది. సినిమాల్లో చూసిన అందగత్తె కోసం వెతికితే నిరాశే. అది అందం చూపించే బొమ్మ కాదు, పాలించే రాణి బొమ్మ.

ఆడవాళ్లకు చోటు ఉండేదా?

ఉండేది. ఆ చోటు పెరగడం, తగ్గడం చూస్తే రాజభవనంలో ఏం జరుగుతోందో తెలుస్తుంది. నీరో గద్దెనెక్కిన ఏడాది బంగారు, వెండి నాణేల మీద తల్లి అగ్రిప్పినా, కొడుకు ఎదురెదురుగా, సమానంగా ఉంటారు. అంతేకాదు, ఆ వైపు చుట్టూ ఉన్న బిరుదులు తల్లివి. చక్రవర్తి బిరుదులు వెనక్కి వెళ్లాయి! మరుసటి ఏడాదికి కొడుకు ముఖం ముందుకు వచ్చింది, తల్లి ముఖం దాని వెనక నుంచి తొంగిచూస్తుంది. ఇప్పుడు బొమ్మ వైపు కొడుకు బిరుదులు, బొరుసు వైపు ఆమె బిరుదులు. ఆ తర్వాత ఆమె రోమ్ నాణేల నుంచి పూర్తిగా మాయం. క్రీ.శ. 59లో నీరో ఆమెను చంపించాడు. చరిత్ర పుస్తకం తెరవకుండానే ఈ మూడు మెట్లూ నాణేల్లో కనిపిస్తాయి.

చక్రవర్తి కాలిగులా తన ముగ్గురు చెల్లెళ్లను పేర్లతో సహా ఒకే సెస్టెర్షియస్ మీద వేయించాడు. చక్రవర్తి ఆంటోనినస్ పయస్ తన భార్య ఫాస్టినా చనిపోయాక ఆమె పేరు మీద లెక్కలేనన్ని నాణేలు వేయించాడు, వాటిలో చాలావాటి మీద "శాశ్వతత్వం" అన్న మాట ఉంటుంది. సంగ్రాహకులకు ఇప్పటికీ చవగ్గా దొరికే రాణి ఆమే.

ఓడిపోయినవాళ్లను ఎలా చూపేవారు?

కనికరం లేకుండా. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని ధ్వంసం చేశారు. ఆ తర్వాత చక్రవర్తి వెస్పాసియన్, అతని కొడుకు టైటస్ వేయించిన నాణేల మీద ఖర్జూరపు చెట్టు, దాని కింద తలకు చెయ్యి ఆనించుకుని ఏడుస్తున్న స్త్రీ, పక్కన ఈటెతో రోమన్. "యూదయ చిక్కింది" అని రాత. ఒక జాతి మొత్తాన్ని ఒక ఏడ్చే ఆడమనిషిగా కుదించిన బొమ్మ అది. కళగా చూస్తే చాలా గొప్పది, అందుకే ఇంకా కలవరపెడుతుంది.

దీనికి జవాబు కూడా నాణేల మీదే వచ్చింది. క్రీ.శ. 132లో బార్ కొఖ్బా నాయకత్వంలో యూదులు తిరగబడ్డారు. వాళ్లు కొత్త లోహం కరిగించలేదు, చలామణిలో ఉన్న నాణేల్నే తీసుకుని వాటి మీద తమ అచ్చు కొట్టారు. చక్రవర్తి ముఖం మీద కూలిపోయిన ఆలయం ముఖద్వారం, పాత హీబ్రూ లిపిలో "జెరూసలేం స్వేచ్ఛ కోసం". కొన్నిటి మీద అడుగున చక్రవర్తి ముక్కో, లాటిన్ అక్షరమో ఇంకా కనిపిస్తుంది. ఆలయం కూలి అప్పటికే అరవై ఏళ్లు దాటింది.

ఇంచుమించు ఆ శతాబ్దంలోనే మన శాతవాహనులు కూడా ఇదే పని చేశారు. గౌతమీపుత్ర శాతకర్ణి పశ్చిమ భారతాన్ని ఏలిన క్షత్రప రాజు నహపానుణ్ణి ఓడించాక అతని వెండి నాణేల మీద తన గుర్తులు కొట్టించాడు. 1906లో నాసిక్ జిల్లా జోగల్తెంబిలో దొరికిన నిధిలో 13 వేలకు పైగా నహపానుడి నాణేలుంటే, వాటిలో 9 వేలకు పైగా ఇలా తిరగ్గొట్టినవే. నహపానుడి ముఖం మీద మూడు వంపుల కొండ గుర్తు అడ్డంగా పడి ఉంటుంది.

వెనక వైపు ఎప్పుడూ ఎవరో దేవత నిలబడి ఉంటుంది. ఆమె ఎవరు?

చాలాసార్లు ఆమె దేవత కన్నా ఒక గుణానికి ఇచ్చిన రూపం. చేతిలో ఏముందో చూడండి. తరాజు ఉంటే న్యాయం. కొమ్ము నిండా పళ్లు, చేతిలో చుక్కాని ఉంటే అదృష్టం. ఆలివ్ కొమ్మ అయితే శాంతి. టోపీ అయితే స్వేచ్ఛ. గోధుమ కంకులు, ధాన్యపు పాత్ర ఉంటే అన్నోనా, అంటే రోమ్‌కు తిండిగింజల సరఫరా.

వీటిని నమ్మాల్సిన పని లేదు. చాలాసార్లు నాణెం మీద రాసింది లేనిదాన్ని గురించే. క్రీ.శ. 97లో ముసలివాడైన నెర్వా చక్రవర్తి "సైన్యాల ఐకమత్యం" అని రాసి, కలుపుకున్న రెండు చేతుల బొమ్మ వేయించాడు. అదే ఏడాది అతని సొంత అంగరక్షకులే రాజభవనాన్ని చుట్టుముట్టి, అతని చేత తమ కోరిక బలవంతంగా తీర్పించుకున్నారు. దిక్కుతోచక నెర్వా సేనాని ట్రాజన్‌ను దత్తత తీసుకున్నాడు. మూడో శతాబ్దంలో సైనికులే చక్రవర్తుల్ని ఎక్కించి దించుతున్న కాలంలో "సైన్యం విశ్వాసం" అన్న మాట నాణేల మీద ఎంత తరచుగా వస్తుందో చూస్తే వేయించినవాళ్ల టెన్షన్ తెలుస్తుంది.

అలాగని అన్నీ ఉత్త మాటలు కావు. అదే నెర్వా ఇటలీ ప్రజల మీద ప్రభుత్వ రవాణా బండ్ల భారం తీసేసినందుకు వేసిన సెస్టెర్షియస్ మీద కాడి దించిన రెండు కంచరగాడిదలు మేస్తుంటాయి. చక్రవర్తి లేడు, దేవత లేదు, హాయిగా గడ్డి తింటున్న జంతువులు. హాడ్రియన్ క్రీ.శ. 118లో 90 కోట్ల సెస్టెర్షియస్‌ల పన్ను బకాయిలు మాఫీ చేసి, పత్రాల కుప్పకు కాగడాతో నిప్పు పెడుతున్న బొమ్మ వేయించాడు. ఎంత మాఫీ చేశాడో అంకెతో సహా నాణెం మీదే రాయించాడు. మాఫీ చేసిన నాయకుడు అంకె చెప్పకుండా ఊరుకోడు కదా.

ఇదంతా మామూలు జనం చూసేవారా, లేక మనమే ఎక్కువ ఊహిస్తున్నామా?

న్యాయమైన అనుమానం. చదవడం వచ్చినవాళ్లు తక్కువ, పొడి అక్షరాలు చదువుకున్నవాళ్లకే కష్టం. కొనేవాడు బొరుసు వంక తేరిపార చూసి ఉండడు. అయినా ముఖం ఎవరిదో తెలిసేదని చెప్పడానికి ఆధారాలున్నాయి. తత్త్వవేత్త ఎపిక్టెటస్ మనిషి గుణం గురించి చెబుతూ, ట్రాజన్ ముద్ర ఉన్న నాణెమైతే తీసుకో, నీరోదైతే పారేయ్ అన్న అర్థంలో ఒక ఉదాహరణ ఇస్తాడు. పన్ను కట్టాలా వద్దా అని అడిగినవాళ్లకు యేసు నాణెం తెప్పించి, దీని మీద ముఖం ఎవరిదని అడగడం బైబిలు చదివినవాళ్లందరికీ తెలుసు. తెలుగు బైబిల్లోని దేనారము ఈ డినారియస్సే. అది ఆగస్టస్ తర్వాతి చక్రవర్తి టైబీరియస్ నాణెమై ఉంటుందని సాధారణంగా అనుకుంటారు.

చెడ్డవాడని ముద్రపడిన చక్రవర్తి నాణేలు ఏం చేసేవారు?

విగ్రహాల తలలు కొట్టేసినంత సులువుగా నాణేల్ని వెనక్కి తీసుకోలేరు. కాలిగులా కంచు నాణేల్ని కరిగించమని సెనేట్ చెప్పిందని కాసియస్ డియో రాశాడు, అయినా అవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. చక్రవర్తి కరకల్లా తన తమ్ముడు గెటాను క్రీ.శ. 211 చివర్లో చంపించాక, ఆసియా మైనర్‌లోని కొన్ని నగరాల్లో అన్నదమ్ములిద్దరూ ఉన్న నాణేల మీద తమ్ముడి ముఖాన్ని ఉలితో గీకేశారు. ఒక ముఖం చెక్కుచెదరకుండా, ఎదురుగా ఖాళీ గుంట.

నాణేల్లో వెండి తగ్గిందంటారు. బొమ్మలకూ దానికీ సంబంధం ఉందా?

ఉంది. ఆగస్టస్ డినారియస్ దాదాపు స్వచ్ఛమైన వెండి. నీరో క్రీ.శ. 64లో బరువు, స్వచ్ఛత రెండూ తగ్గించాడు. సెప్టిమియస్ సెవెరస్ కాలానికి వెండి సగానికి వచ్చింది. కరకల్లా 215లో కొత్త నాణెం తెచ్చాడు. చక్రవర్తి తల మీద సూర్యకిరణాల కిరీటం, విలువ రెండు డినారియస్‌లు అని పండితుల అంచనా, వెండి మాత్రం ఒకటిన్నరకు సరిపడా. 260ల చివరికల్లా అందులో వెండి నూటికి నాలుగైదు పాళ్లే, పైన పూత. ఆ కాలపు చెక్కడం కూడా గబగబా కానిచ్చినట్టుంటుంది. కాళ్లూ చేతులూ పుల్లల్లా తయారయ్యాయి.

ఎలా తయారుచేసేవారు?

చేత్తోనే. ముఖం ఉన్న అచ్చు దిమ్మెకు బిగించి, పైన లోహపు బిళ్ల పెట్టి, రెండో అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. అందుకే బొమ్మ పక్కకు జరగడం, అక్షరాలు అంచు దాటిపోవడం మామూలు. దెబ్బ నేరుగా పడే పై అచ్చు ముందు పగిలేది.

ఆంధ్ర, తెలంగాణల్లో రోమన్ నాణేలు ఎందుకు దొరుకుతాయి?

వ్యాపారం వల్ల. మిరియాలు, ముత్యాలు, దంతం, సన్నని బట్టల కోసం రోమన్ డబ్బు ఇటు వచ్చింది. ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లు భారతదేశం లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే వాపోయాడు. మచిలీపట్నం ప్రాంతమని భావించే మసాలియా సన్నని నేతబట్టల గురించి అప్పటి గ్రీకు వర్తకుడి పుస్తకంలో ఉంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా వెండి డినారియస్‌ల నిధి బయటపడింది. వినుకొండ, నాగార్జునకొండల్లో బంగారు నాణేలు దొరికాయి.

దక్షిణ భారత వెండి నిధుల్లో రెండు రకాలే మళ్లీమళ్లీ వస్తాయి. ఒకటి ఆగస్టస్ మనవలు గాయస్, లూసియస్ డాళ్లు, ఈటెలతో నిలబడిన నాణెం. రెండోది టైబీరియస్ ముఖం, వెనక కూర్చున్న స్త్రీ. మొదటిది వారసుల్ని జనానికి పరిచయం చేయడానికి వేసింది. ఆ ఇద్దరు కుర్రాళ్లూ క్రీ.శ. 2లో ఒకరు, 4లో ఒకరు చనిపోయారు. వాళ్లెవరో ఇక్కడ ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఈ బొమ్మ ఉంటే వెండి మంచిది, అంతే. రాజకీయం సముద్రంలోనే కరిగిపోయి బొమ్మ ఇక్కడికి నాణ్యతా ముద్రగా చేరింది. అందుకే ఇక్కడ వాటికి నకళ్లు కూడా కొట్టారు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో టైబీరియస్ నాణెం పోలికతో మట్టి బిళ్లలు దొరికాయి, మెడలో వేసుకోవడానికని అనుకుంటున్నారు. కొన్ని అసలు బంగారు నాణేలకు కూడా రంధ్రాలున్నాయి. కాసులపేరు ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాటు ఉంటుంది. ఎవరైనా కోపంతో నరికారా?

కచ్చితమైన జవాబు లేదు. 1898లో పుదుక్కోటలో దొరికిన దాదాపు 500 బంగారు నాణేల్లో అత్యధిక భాగం ఇలా గాటు పడినవే. లోపల నిజంగా బంగారమేనా అని పరీక్షించారని ఒక వాదం. కానీ ఒకటి రెండు నరికితే చాలదా, అన్నీ ఎందుకు? మళ్లీ చలామణిలోకి రాకుండా రద్దు చేశారని మరో వాదం. గాటు సరిగ్గా ముఖం మీదే పడటం చూస్తే నాకు రెండోదే దగ్గరగా అనిపిస్తుంది. ఇక్కడ చక్రవర్తి అధికారం చెల్లదని చెప్పినట్టు.

శాతవాహనులు ముఖం వేసిన నాణేలు రోమ్‌ను చూసి వేశారా?

నేరుగా అనలేం. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణేల మీద రాజు ముఖం ఉంది. రాత ఒకవైపు ప్రాకృతంలో, మరోవైపు ద్రావిడ భాషలో. అయితే వాటికి దగ్గరి నమూనా వాళ్లు ఓడించిన క్షత్రపుల నాణేలే. రోమన్ పోలిక సూటిగా కనిపించేది ఉత్తరాన, కుషాణ రాజు కుజుల కడ్ఫిసెస్ రాగి నాణేల్లో. అక్కడ ఆగస్టస్ తరహా తలే ఉంటుంది. కోస్తాలో దొరికిన ఓడ బొమ్మ నాణేలు మాత్రం పూర్తిగా మన సొంతం.

క్రైస్తవం వచ్చాక బొమ్మలు మారాయా?

మెల్లగా, జంకుతూ. కాన్‌స్టంటైన్ 312లో రోమ్ కోసం జరిగిన యుద్ధంలో గెలిచి క్రైస్తవుల వైపు మొగ్గాక కూడా చాలా ఏళ్లు అతని నాణేల మీద "అజేయ సూర్యుడు నా తోడు" అనే ఉంటుంది. 315 నాటి ఒక వెండి పతకం మీద అతని శిరస్త్రాణం అంచున క్రీస్తు గుర్తు చిన్నగా, వెతికితే తప్ప కనపడనంతగా ఉంది. జనంలో సగం మందికి పైగా పాత దేవుళ్లనే కొలుస్తున్నప్పుడు ఆ మాత్రం లౌక్యం అవసరమే.

ఇవి ఎక్కడ చూడొచ్చు? కొనొచ్చా? పొలంలో దొరికితే?

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలలో రోమన్ నాణేలున్నాయి. ఇంట్లో కూర్చుని చూడాలంటే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఓసీఆర్ఈ వెబ్‌సైట్ ఉచితం. చక్రవర్తి పేరు, బొమ్మ రకం పెట్టి వెతకొచ్చు.

కొనే విషయంలో తొందర వద్దు. అంచు చుట్టూ అతుకు గీత, సబ్బులా నున్నటి ఉపరితలం, గాలి బుడగల గుంటలు ఉంటే పోతపోసిన నకిలీ అనుకోవచ్చు. బరువు తప్పక చూడండి. పూర్వ యజమానుల కాగితాలు లేనిది ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటివి మామూలు వ్యక్తులు దేశం దాటించకూడదు.

పొలంలో లంకెబిందె బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. పది రూపాయలకు మించిన విలువైనదేది భూమిలో దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. కడగొద్దు, తోమొద్దు, నిమ్మకాయ, చింతపండు అసలే వద్దు. కుండతో సహా, అది ఉన్నచోటే ఉంచి ఫోటో తీయండి. విడిగా తీసిన నాణెం కంటే, ఏ కుండలో, ఏ నాణేల పక్కన ఉందో తెలిసిన నాణెం చరిత్రకారుడికి ఎన్నో రెట్లు విలువైనది.